హనుక్కానా, క్రిస్మసా? మన తెలుగు ఇళ్లలోకి వచ్చిన ప్రశ్న

డిసెంబరు దగ్గర పడేసరికి హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలోని తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఈమధ్య ఒక కొత్త వాదన వినిపిస్తోంది. ఫోన్లలో తిరిగే సందేశాలు, వీడియో ప్రసంగాలు దాన్ని మోసుకొస్తున్నాయి. సారాంశం ఇది: క్రిస్మస్ బైబిల్లో లేదు, డిసెంబరు 25 రోమన్ల సూర్యుడి పండుగ. హనుక్కా అయితే యేసు స్వయంగా ఉన్న పండుగ. కాబట్టి నిజమైన క్రైస్తవులు క్రిస్మస్ మాని హనుక్కా చేసుకోవాలి.

మా తెలుగు సంఘం ఉగాది, సంక్రాంతితో పాటు క్రిస్మస్ సాయంత్రం కూడా జరుపుతుంది. ఈసారి ఆ కార్యక్రమం పేరు మార్చాలని, నక్షత్రం కట్టకుండా ఎనిమిది రోజుల దీపాలు పెట్టాలని రెండు మూడు కుటుంబాలు అర్జీ ఇచ్చాయి. అలా మారిస్తే మేము రాము అని ఇంకొన్ని కుటుంబాలు చెప్పాయి. ఒకే ఇంట్లో అత్తామామలు ఒక వైపు, కొడుకూ కోడలూ ఇంకో వైపు అయిన సంగతి కూడా మా దృష్టికి వచ్చింది.

ఎవరి విశ్వాసం సరైనదని తీర్పు చెప్పే హక్కు సంఘానికి లేదు. మా సభ్యుల్లో ఎక్కువ మంది హిందువులు, కొందరు క్రైస్తవులు, కొందరు ముస్లింలు. మమ్మల్ని కలిపేది భాష. కానీ ఒక పండుగ పేరు మీద తెలుగు ఇళ్లు చీలిపోతుంటే మాట్లాడకుండా ఉండటం కూడా తప్పే. అందుకే తెలిసిన విషయాలు వరుసగా పెట్టి, మా అభిప్రాయం చెబుతున్నాం.

హనుక్కా అంటే ఏమిటి

క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో యూదుల దేశం సెల్యూకిడ్ రాజుల కింద ఉండేది. నాలుగో అంతియోకస్ అనే రాజు యూదుల మత ఆచారాలను నిషేధించి, క్రీ.పూ. 167లో యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేశాడు. మక్కబీయులు అనే కుటుంబం తిరగబడింది. మూడేళ్ల పోరాటం తర్వాత యూదా మక్కబీయుడు ఆలయాన్ని తిరిగి పట్టుకుని, శుద్ధి చేసి, మళ్లీ ప్రతిష్ఠ చేశాడు. హనుక్కా అనే హీబ్రూ మాటకు అర్థమే ప్రతిష్ఠ. తెలుగు బైబిల్లో యోహాను సువార్త పదో అధ్యాయం 22వ వచనంలో కనిపించే ఆలయ ప్రతిష్ఠ పండుగ ఇదే.

ఒక రోజుకు సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న కథ తర్వాతి కాలపు తాల్మూదు గ్రంథంలో ఉంది. ఎనిమిది రాత్రులు, రోజుకొక దీపం పెంచుతూ, తొమ్మిది కొమ్మల దీపస్తంభంలో వెలిగిస్తారు. తొమ్మిదోది మిగతావాటిని వెలిగించే దీపం. కార్తీకంలో దీపాల వరుస పెట్టే మన ఊళ్లకు ఇది ఊహకు అందని ఆచారం కాదు.

తేదీ సంగతి కూడా మనకు తేలికగానే అర్థమవుతుంది. యూదుల నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. మన చాంద్రమానంలాగే వాళ్లకూ అధిక మాసం ఉంది. కిస్లేవ్ నెల 25న హనుక్కా మొదలవుతుంది, కానీ మన క్యాలెండర్లో ఉగాది కదిలినట్టు అదీ కదులుతుంది. 2024లో డిసెంబరు 25 సాయంత్రం మొదలైంది. 2025లో డిసెంబరు 14 సాయంత్రం. 2026లో డిసెంబరు 4 సాయంత్రం. రెండింటిలోనూ 25 అనే అంకె ఉంది కదా, క్రిస్మస్ అసలు హనుక్కానే అని కొన్ని సందేశాలు చెబుతున్నాయి. నెలలు వేరు, లెక్కలు వేరు. అంకె కలిసినంత మాత్రాన పండుగ ఒకటి అయిపోదు.

వాదనలో నిజమెంత

ముందు నిజం ఉన్న చోట ఒప్పుకుందాం. యేసు ఏ తేదీన పుట్టాడో సువార్తల్లో లేదు. పుట్టిన రోజు జరపమని అపొస్తలులు ఎక్కడా చెప్పలేదు. రోములో డిసెంబరు 25న క్రీస్తు జననాన్ని లెక్కించారని చెప్పే పాత ఆధారం 354వ సంవత్సరపు ఒక పంచాంగ గ్రంథం. అందులోని పట్టిక 336 నాటిదని పండితులు అంటారు. సూర్యదేవుడి పండుగ మీదనే క్రిస్మస్ వచ్చిందని ఒక వాదం ఉంది. మార్చి 25న మరియ గర్భం ధరించిందని ఎంచి, తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు 25 వచ్చిందని ఇంకో వాదం ఉంది. ఆర్మేనియా సంఘం నేటికీ జనవరి 6నే జరుపుతుంది. కాబట్టి తేదీ మీద పట్టుదల అక్కరలేదన్న మాట న్యాయమే.

క్రిస్మస్ వద్దన్నవాళ్లు కొత్తగా పుట్టినవాళ్లు కూడా కాదు. ఇంగ్లండులో ప్యూరిటన్ల పార్లమెంటు 1647లో క్రిస్మస్‌ను రద్దు చేసింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 వరకు క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా. స్కాట్లండులో 1958 వరకు క్రిస్మస్‌కు ప్రభుత్వ సెలవే లేదు. యెహోవా సాక్షులు నేటికీ చేసుకోరు. అయితే వీళ్లెవరూ క్రిస్మస్ బదులు హనుక్కా పెట్టుకోలేదు. మనుషులు పెట్టిన పండుగ వద్దు అన్నది వాళ్ల నియమం. ఆ నియమం మీద వాళ్లు నిలబడ్డారు.

మన దగ్గరకు వచ్చిన వాదన తడబడేది అక్కడే. లేవీయకాండం 23వ అధ్యాయంలో దేవుడు నియమించిన పండుగల జాబితా ఉంది. పస్కా ఉంది, వారాల పండుగ ఉంది, పర్ణశాలల పండుగ ఉంది. హనుక్కా లేదు. ఉండే వీలు కూడా లేదు, ఎందుకంటే ఆ సంఘటన చాలా కాలం తర్వాత జరిగింది. ఆలయం తిరిగి దక్కిన సంతోషంలో యూదా మక్కబీయుడు, అతని అన్నదమ్ములు, ప్రజలు కలిసి ఏటా జరపాలని నిర్ణయించుకున్నారు. అది రాసి ఉన్న మక్కబీయుల మొదటి గ్రంథం కథోలిక బైబిల్లో ఉంది. ప్రొటెస్టంట్ ఇళ్లలో ఉండే 66 పుస్తకాల బైబిల్లో లేదు. హనుక్కా మాత్రమే బైబిలు పండుగ అని చెబుతున్నవారిలో చాలామంది చేతిలో ఉన్న బైబిల్లో హనుక్కా కథే లేదు!

అంటే హనుక్కా కూడా ఒక గొప్ప మేలును మరిచిపోకూడదని మనుషులు పెట్టుకున్న పండుగ. క్రిస్మస్ కూడా అంతే. మనుషులు పెట్టిన పండుగ తప్పయితే రెండూ తప్పు. ఒప్పయితే రెండూ ఒప్పు. ఒకటి తీసి ఇంకొకటి పెట్టడానికి ఈ తర్కం సాయపడదు.

యేసు ఆ పండుగ రోజుల్లో ఆలయంలో, సొలొమోను మంటపంలో తిరుగుతున్నాడని సువార్త చెబుతుంది. ఆయన తన ప్రజల మధ్య, తన ప్రజల పండుగలో ఉన్నాడు. మీరూ చేయండి అని శిష్యులకు చెప్పినట్టు అక్కడ లేదు. ఇక పండుగలు, దినాల విషయంలో ఒకరినొకరు తీర్పు తీర్చవద్దన్నది రోమీయులకు, కొలొస్సయులకు రాసిన పత్రికల్లో పౌలు ఇచ్చిన సలహా. ఆ సలహా క్రిస్మస్ చేసేవాళ్లకూ వర్తిస్తుంది, మానేవాళ్లకూ వర్తిస్తుంది.

కొత్తరెడ్డిపాలెం చెప్పే పాఠం

మన తెలుగువాళ్లలో ఇప్పటికే హనుక్కా దాకా వెళ్లినవాళ్లు లేరా అని కొందరు అడుగుతున్నారు. ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. వాళ్లు మాదిగ కులస్తులు, అంతకు ముందు క్రైస్తవులు. 1980ల చివరి నుంచి షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ముల నాయకత్వంలో యూదు పద్ధతికి మారారు. 1990ల మొదట్లో అక్కడ సినగాగు ఏర్పడింది. తాము ఇజ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని, మధ్యలో క్రైస్తవులమైనా అసలు మూలం అదేనని వాళ్లు చెబుతారు. షాహిద్ పర్వేజ్, యూలియా ఎగొరోవా అనే పరిశోధకులు వాళ్ల మీద రాసిన ఆంగ్ల గ్రంథం 2013లో వచ్చింది.

వాళ్ల దావా చరిత్ర పరీక్షకు నిలుస్తుందా అన్నది వేరే చర్చ. కానీ వాళ్లు చేసింది పండుగ మార్పిడి కాదని మనం గమనించాలి. వాళ్లు సబ్బాతు పాటించారు, హీబ్రూ నేర్చుకున్నారు, తిండి నియమాలు మార్చుకున్నారు, పేర్లు మార్చుకున్నారు. యేసును మెస్సీయగా భావించే నమ్మకాన్ని వదిలారు. తరతరాలు అంటరానితనం భరించిన కులం తన చరిత్రను తానే చెప్పుకోవాలన్న తపన అందులో ఉంది. అయినా ఇజ్రాయేలు ప్రభుత్వం వాళ్లను యూదు సంతతిగా గుర్తించలేదు. దశాబ్దాల తర్వాత కూడా వాళ్లు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

మణిపూర్, మిజోరంలలోని బ్నెయ్ మెనాషే కథ ఇంకోలా నడిచింది. వాళ్లూ క్రైస్తవం నుంచి వెళ్లినవాళ్లే. 2005లో ఇజ్రాయేలు సెఫార్దీ ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ వాళ్లను ఇజ్రాయేలు సంతతిగా ఒప్పుకున్నాడు. అయినా వలస వెళ్లినవాళ్లు విధిగా మతమార్పిడి పూర్తి చేయాల్సి వచ్చింది. అంటే యూదు మతంలోకి వెళ్లడం ఒక పెద్ద ప్రయాణం. ఎనిమిది దీపాలు కొని గూట్లో పెడితే అయ్యే పని కాదు.

మన దేశపు పాత యూదుల్లో కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ సమాజం ఉంది. నూనె ఆడే వృత్తిలో ఉంటూ శనివారం పని మానేవారు కాబట్టి ఊళ్లో వాళ్లను శనివార్ తేలీ అని పిలిచేవారు. వాళ్లకు మొదట హనుక్కా తెలియదని, బయటి యూదులతో పరిచయం అయ్యాకే వచ్చిందని వాళ్ల చరిత్ర రాసినవారు చెబుతారు. అసలు యూదులే హనుక్కా లేకుండా శతాబ్దాలు యూదులుగా నిలిచారంటే, ఆ పండుగ లేకపోతే క్రైస్తవుడి విశ్వాసం చెల్లదనడం ఎంత అతి!

యూదు గ్రంథాల నుంచి నేర్చుకోవాలంటే మనవాళ్ల మధ్యనే ఇంకో దారి కూడా కనిపిస్తుంది. భక్తసింగ్ లేవీయకాండం 23వ అధ్యాయాన్ని ఆధారం చేసుకుని 1941 డిసెంబరులో మద్రాసులో హోలీ కాన్వొకేషన్ అనే పెద్ద కూటాలు మొదలుపెట్టారు. తర్వాత హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా అవి తెలుగు నేల అంతటా తెలిసినవయ్యాయి. కలిసి ఉండటం, కలిసి తినడం, కలిసి ప్రార్థించడం అన్న సారం తీసుకున్నారు. వేరే ప్రజల పండుగ పేరు పెట్టుకోలేదు.

కాగితాల సంగతి

గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య గడిపినవాళ్లం కాబట్టి ఈ మాట కూడా చెప్పాలి. ఇంట్లో దీపం పెట్టినంత మాత్రాన ఎవరి సర్టిఫికెట్టూ మారదు. కానీ ఉత్సాహం ఎక్కువై మేము యూదులం అని రాతకోతల్లో ప్రకటించుకోవాలనుకునే యువకులు ముందు నిబంధనలు తెలుసుకోవాలి.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే ఉంది. క్రైస్తవులకు లేదు, యూదులకూ లేదు. పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు ఇదే నిబంధనను మళ్లీ నిలబెట్టింది. తమిళనాడులో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులస్తులను వెనుకబడిన తరగతుల జాబితాలో ఉంచారు. క్రైస్తవులు కేంద్రం గుర్తించిన ఆరు మత మైనారిటీల్లో ఒకరు. యూదులు ఆ ఆరింటిలో లేరు. మహారాష్ట్రలాంటి కొన్ని రాష్ట్రాలే తమ స్థాయిలో గుర్తించాయి. మన జిల్లాలో తెలుగు మాట్లాడే మాదిగ, అరుంధతియార్ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలకు చదువు, ఉద్యోగం ఈ కాగితాల మీదే ఆధారపడి ఉంటాయి. ఈ నిబంధనలు న్యాయమైనవా అన్నది వేరే పోరాటం. 2022లో వేసిన జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ ముందుకు వెళ్లిన ప్రశ్న అదే. కానీ వీడియోలో ప్రసంగించే పెద్దమనిషి మన పిల్లవాడి వెంట తాలూకా ఆఫీసుకు రాడు.

మన ఊళ్లలో పోయేది ఏమిటి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు. ఎంతమంది చదవగలరు? 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి పెరుగుతూ 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. తమిళం నేర్చుకోవడానికి మనం ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. ఈ నేల మీద బతుకుతున్నాం, ఈ భాష మనదీ. కానీ ఆ క్రమంలో తెలుగు బడులు, తెలుగు సెక్షన్లు ఎలా పలచబడ్డాయో సూళగిరి, వేపనపల్లి, బాగలూరు, కెలమంగళం వైపు ఉన్న తల్లిదండ్రులకు మనం చెప్పనక్కరలేదు. 2024లో కృష్ణగిరి ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు మనం పొంగిపోయాం. ఆ ప్రమాణపత్రం మన మనవడి చేతిలో పెడితే వాడు చదవగలడా?

ఈ స్థితిలో తెలుగు అక్షరం ఇంట్లో బతికి ఉన్న చోట్లు చాలా తక్కువ. అందులో ఒకటి క్రైస్తవ ఇళ్లలోని బైబిలు, పాటల పుస్తకం. అమ్మమ్మ వేలు పెట్టి చూపిస్తూ పాట చదివిస్తే అక్షరాలు పట్టుకున్న పిల్లలను మేము ఎరుగుదుం. పంతొమ్మిదో శతాబ్దపు పురుషోత్తమ చౌదరి నుంచి ఎందరో కవులు రాసిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి. మన రాగాలు, మన తాళాలు, మన మాటలు. అది కడు పేదవాళ్లు పెంచిన సంపద. 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుడు ఒంగోలు ప్రాంతంలో ఊరూరా తిరిగాడు. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అక్షరం దక్కని కులాలకు తెలుగు పుస్తకం చేతికి వచ్చిన చరిత్ర అది.

ఇక్కడ చర్చిల్లో మామూలు ఆదివారం ఆరాధన ఎక్కువగా తమిళంలోనే సాగుతుంది. తెలుగు పాట గట్టిగా వినిపించేది క్రిస్మస్ రోజుల్లో. పాటల బృందం ఇంటింటికీ వెళ్లేది అప్పుడే. పక్కింటి హిందూ పిల్లలు కూడా ఆ పాటలకు గొంతు కలిపేది అప్పుడే. రెడ్డిగారి ఇంటికీ, నాయుడుగారి ఇంటికీ, సాయిబుగారి ఇంటికీ కేకు వెళ్లేది అప్పుడే. సంక్రాంతికి అటు నుంచి ఇటు పొంగలి వస్తుంది. ఇది రాకపోకల లెక్క. ఒక వైపు ఆగితే రెండో వైపూ ఆగుతుంది.

దాని స్థానంలో హనుక్కా పెడితే ఏం పాడతాం? తెలుగులో హనుక్కా పాటల సంప్రదాయం మనకు లేదు. వీడియోలో వచ్చే హీబ్రూ, ఇంగ్లీషు పాటలు పెట్టి పిల్లలను ఆడించడమే అవుతుంది. ఏ ఇంటివాళ్లం ఏ ఇంటికి వెళ్లాలో కూడా తెలియని పండుగ అవుతుంది.

విచిత్రం ఏమిటంటే, హనుక్కా కథలో మనకు పనికొచ్చే మాట సరిగ్గా దీనికి ఎదురు దిక్కున ఉంది. పెద్ద రాజ్యం, గొప్ప నాగరికత, దాని భాష, దాని ఆటపాటలు నాలుగు వైపులా కమ్ముకున్నప్పుడు, ఒక చిన్న జాతి తనది అయినదాన్ని వదలనని పట్టుబట్టిన కథ అది. పోయిందనుకున్న ఆలయాన్ని తుడిచి, కడిగి, మళ్లీ దీపం పెట్టుకున్న కథ. అల్పసంఖ్యాకులుగా బతుకుతున్న మనకు ఆ కథ తెలియాలి. పిల్లలకు చెప్పాలి. అయితే ఆ కథ విని మన సొంత పండుగను వదిలేస్తే, కథ చెప్పిందానికి వ్యతిరేకంగా చేసినట్టు అవుతుంది. పైగా ఆ జ్ఞాపకాన్ని యూదులు ఎన్ని దేశాల్లో ఎన్ని హింసల మధ్య కాపాడుకున్నారో తెలిసినవాళ్లు దాన్ని వాదనలో గెలిచే ఆయుధంగా వాడరు.

సంఘం ఏం చేయబోతోంది

కార్యవర్గంలో చర్చించి మేము అనుకున్నది ఇది. సర్వసభ్య సమావేశం ముందు కూడా పెడతాం.

ఒకటి, క్రిస్మస్ సాయంత్రం ఆ పేరుతోనే జరుగుతుంది. అది సంఘానికి ఏళ్ల నుంచి ఉన్న కార్యక్రమం.

రెండు, పాటలన్నీ తెలుగు లిపిలో అచ్చు వేసి పిల్లలకు ముందే ఇస్తాం. తమిళ అక్షరాల్లో తెలుగు పాట రాసుకునే అలవాటు పెరిగింది. దాన్ని తప్పు పట్టం, కానీ పక్కనే తెలుగు అక్షరం ఉండాలి. ఏ మతం పిల్లలైనా చదివి పాడినవారికి బహుమతి ఉంటుంది.

మూడు, హనుక్కా గురించి తెలుసుకోవాలనుకునేవారికి ఆ కథను తెలుగులో పది నిమిషాలు చెప్పే అవకాశం ఇస్తాం. అది ఎవరి పండుగో, ఎందుకు వచ్చిందో గౌరవంగా చెప్పాలి. ఇతరుల పండుగను కించపరిచే మాట ఉండకూడదు.

నాలుగు, క్రిస్మస్ చేసుకోని కుటుంబాలను ఎవరూ నిలదీయకూడదు. తమ ఇంట్లో ఏ దీపం పెట్టుకోవాలన్నది వాళ్ల ఇష్టం. అలాగే వాళ్లు కూడా క్రిస్మస్ చేసుకునేవాళ్లను విగ్రహారాధకులని పిలవకూడదు. అత్తగారు నక్షత్రం కడతానంటే కోడలు అడ్డుపడనక్కరలేదు, కోడలు ప్రార్థనలో కూర్చోనంటే అత్తగారు చుట్టాల ముందు పెట్టి అడగనక్కరలేదు.

అర్జీ ఇచ్చిన కుటుంబాలకు మా విన్నపం ఒకటే. మీ ప్రశ్న మంచిదే, అది మా అందరినీ మళ్లీ పుస్తకం తెరిచి చదివేలా చేసింది. ఆ రోజు సాయంత్రం రండి. నక్షత్రం కింద కూర్చోవడం ఇష్టం లేకపోతే పిల్లల చదువు పోటీకి న్యాయనిర్ణేతలుగా కూర్చోండి. తెలుగు తప్పు లేకుండా చదవగలిగిన పెద్దలు మన ఊళ్లలో ఎంతమంది మిగిలారో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ కొద్దిమంది కూడా రెండు వైపులుగా విడిపోతే పిల్లలకు అక్షరాలు దిద్దించేవాళ్లు ఉండరు.